ఏరుకోగా మిగిలినవి

“దొరకి విత్తులు కొట్టించింది ఎవరు?”

పెద్దాయన ఈ మాట అడగడం ఇది నాలుగోసారి. మొదటిసారి మామూలుగానే అడిగాడు. రెండోసారికి గొంతు లేచింది. మూడోసారి అరిచిన అరుపుకి కొట్టంలో పశువులన్నీ మేత మానేసి తలెత్తి చూశాయి. ఇప్పుడు మళ్ళీ నెమ్మదిగా అడుగుతున్నాడు. ఆ నెమ్మదే ఎక్కువ భయంగా ఉంది.

కంటి ఆపరేషన్ చేయించుకుని, కూతురింట్లో కొన్నాళ్ళు ఉండి, ఇవాళ పొద్దున్నే దిగాడు. ఇంట్లో కాలు పెట్టలేదు, నల్లద్దాలు తియ్యలేదు, తిన్నగా కొట్టంలోకి నడిచాడు. దొర మెడ నిమిరాడు. వీపు చరిచాడు. వెనక్కాళ్ళ మధ్య చెయ్యి పెట్టి తడిమాడు. అంతే, ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

దొర ఇవాళో రేపో ఆబోతుగా మందలోకి దిగవలసిన కోడె. పటకారుతో నొక్కి నరం నలిపేస్తే పైకి గాయం ఉండదు, కోడె చూడ్డానికి కోడెలాగే ఉంటుంది. కళ్ళు సరిగ్గా ఆనని మనిషి చేత్తో చూశాడు కాబట్టి సంగతి బయటపడింది. కళ్ళు బాగుండి ఉంటే ఇంకొన్నాళ్ళు మురిసిపోతూనే ఉండేవాడు.

“మిమ్మల్నే అడుగుతున్నది! గోడల్ని కాదు!”

కొడుకు నీళ్ళ తొట్టి దగ్గర పైపు పట్టుకుని నిలబడ్డాడు. తొట్టి నిండిపోయి నీళ్ళు తన పాదాల మీద పారుతున్నా కుళాయి కట్టలేదు. ముప్పై దాటిన మనిషి, తండ్రి గొంతు లేస్తే చాలు, ఇప్పటికీ అలాగే బిగుసుకుపోతాడు. అత్తగారు గుమ్మంలోంచి కదల్లేదు. కోడలే ఆమెని తప్పించుకుని ముందుకొచ్చింది.

“నేనే మామయ్యా. పశువుల డాక్టరుగారిని నేనే పిలిపించాను.”

“ఎవర్నడిగి?”

“మీరు ఆసుపత్రిలో ఉన్నారు.”

“ఆసుపత్రిలో నా కన్ను కోశారు. చెవులు కొయ్యలేదు. ఫోన్ చేస్తే వినపడేది!”

“చేస్తే మీరు వద్దంటారు.”

“అంటాను! వద్దనే అంటాను! అందుకేగా చెయ్యలేదు?”

“అందుకే,” అంది కోడలు.

ఈ పిల్లతో వచ్చిన చిక్కే అది. ఇంకెవరైనా అయితే తడబడేవారు, రెండు అబద్ధాలాడేవారు, కాస్త ఏడ్చేవారు. ఇంటి పెద్దకి అరిచి అరిచి చల్లారడానికి ఒక దారి దొరికేది. ఈమె ఏడవదు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పి నిలబడుతుంది. ఎదటివాడికి ఒళ్ళు మండక ఏం చేస్తుంది?

“ముందు లోపలికి రండి. ఎండలో ఉండొద్దన్నారు మిమ్మల్ని. కాస్త టీ తాగితే...” అంది అత్తగారు.

“టీ తాగితే మళ్ళీ మొలుస్తాయా?”

అత్తగారు మళ్ళీ గుమ్మానికి ఆనుకుంది.

పెద్దాయన కొట్టం ఆ చివరికి నడిచాడు. అక్కడ గుంజకి ఆరు నెలల మగదూడ కట్టి ఉంది. దొర తమ్ముడు. అందరూ బుడ్డోడు అంటారు. వంగకూడదని డాక్టర్లు మరీమరీ చెప్పి పంపినా వంగి, దాన్ని కూడా తడిమి చూశాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

“వీణ్ణి వదిలేశారే! పటకారు పట్టలేదా?”

నిజానికి బుడ్డోడికి కూడా అదే రోజు చేయించాలనుకున్నారు. డాక్టరుకి ఇంకో చోటు నుంచి పిలుపొస్తే, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

ఆ రక్తంలో ఈ కొట్టంలో ఇక మిగిలిన మగది అదొక్కటే. నలభై ఏళ్ళుగా పెద్దాయన ఒకే పశువుల వంశాన్ని, ఒక్క కొమ్మనే పట్టుకుని పెంచుకుంటూ వచ్చాడు. వెడల్పాటి రొమ్ము, బండరాయిలాంటి భుజం, పుట్టేటప్పుడే బరువు తూగే దూడలు. ముసలి ఆబోతు పోయిన ఏడాది పోయింది. దాని వీర్యం తీయించి భద్రం చేసుకోమని డాక్టరు ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు. “సీసాల్లో పోసి పంచిపెడితే ఇక నా గేటు దగ్గరికి ఎవడొస్తాడు?” అన్నాడు. ఆ మొండితనానికి ఫలితం ఇప్పుడు గుంజకి కట్టి ఉన్న ఆ ఒక్క దూడ.

“ఇవాళ మధ్యాహ్నం దొరని కొనే ఆసామి వస్తున్నాడు, బండి తీసుకుని. దొర పుట్టిన రోజునే వాడికి మాటిచ్చాను. ఏం చెప్పమంటారు?”

కోడలు మొగుడి వైపు తిరిగింది. అతను అప్పుడు కుళాయి కట్టడానికి వంగాడు.

“నేను చెబుతా మామయ్యా. ఎందుకు చేశామో ఆయనకి కంప్యూటర్‌లో చూపిస్తా.”

“ముందు నాకు చూపించు,” అన్నాడు పెద్దాయన. “కనపడదు కాబట్టి చదివి వినిపించు. నా కొమ్మ నరకడానికి ఆ పెట్టె ఏం చెప్పిందో నేనూ వింటా.”

*

భోజనాల బల్ల మీద కోడలు కంప్యూటర్ తెరిచింది. పెద్దాయన ఎదురుగా కూర్చున్నాడు. కొడుకు కిటికీ దగ్గర నిలబడ్డాడు, కుర్చీ ఖాళీగానే ఉంది. అత్తగారు ఎవరూ అడగని నీళ్ళు తెచ్చి అందరి ముందూ పెట్టింది.

“ఎనిమిదేళ్ళుగా జరిగిన పశువుల వేలాలన్నీ పశుపోషకుల సంఘం వాళ్ళు ఇంటర్నెట్‌లో పెడతారు. ప్రతి ఆబోతు బరువు, తండ్రి, ఏ కొట్టంది, ఎంతకి పోయింది, కొన్నదెవరు, అన్నీ ఉంటాయి. అన్నిటినీ దింపి ఒక్కచోట చేర్చాను. మనిషి కూర్చుని చదివితే బుర్ర తిరుగుతుంది కానీ కంప్యూటర్‌కి తిరగదు. దేనితో పాటు ధర పెరుగుతోందో, దేనితో పాటు తగ్గుతోందో అదే వెతికి పెడుతుంది.”

“వెతికి?”

“తల్లి తేలిగ్గా ఈనగలిగే దూడల్ని పుట్టించే ఆబోతులకి గిరాకీ ఏటేటా పెరుగుతోంది. బరువైన దూడల ఆబోతులకి తగ్గుతోంది. మన కొట్టంవి అందరికంటే ఎక్కువ తగ్గాయి.”

“ఎవడు చెప్పాడు?”

“మీరు అమ్మిన ధరలే చెబుతున్నాయి. ఇంకోటి ఉంది. మన దగ్గర ఒకసారి కొన్నవాళ్ళు మళ్ళీ కొనలేదు. తిరిగొచ్చినవాళ్ళు దాదాపు లేరు.”

పెద్దాయన మొహంలో కోపం ఒక్క క్షణం ఎక్కడికో పోయింది. దాని చోట మిగిలినది చూసి అత్తగారు కళ్ళు తిప్పుకుంది.

“మళ్ళీ రాలేదా?” అన్నాడు.

“రాలేదు మామయ్యా.”

“నేను అమ్మినవన్నీ ఉన్నాయా అందులో?”

“ఉన్నాయి.”

“అబద్ధం,” అన్నాడు. కానీ ఆ మాటలో పొద్దున్నటి ఊపు లేదు. “నా దగ్గరికి వచ్చేవాళ్ళు నాకు తెలుసు. ఏదో తేడా ఉంది. ఒరేయ్, నువ్వు చూశావా ఈ లెక్క?”

“చూశాను,” అన్నాడు కొడుకు కిటికీలోంచి బయటికి చూస్తూ.

“నిజమేనా?”

“కంప్యూటర్ అబద్ధం ఎందుకు చెబుతుంది నాన్నా?”

“నేనడిగింది అది కాదు. గంగిరెద్దులా తలూపకుండా నోరు తెరిచి చెప్పు. నిజమేనా?”

కొడుకు జవాబు చెప్పలేదు. కోడలు దాన్ని పట్టించుకోలేదు. తండ్రి దగ్గర అతను మాట మింగడం ఆమెకి కొత్త కాదు, పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. పైగా ఆ పూట తన లెక్క గెలుస్తోంది. గెలుస్తున్నప్పుడు మనిషికి పక్కవాడి మౌనం వినపడదు.

“మామయ్యా, మీ మీద కోపంతో చేసింది కాదు. మీరు ఆసామికి మాటిచ్చారని నాకు తెలీదు, కానీ దొర వేలంలో సగానికి సగం ధరకి పోయేవాడు. ఇప్పుడైతే కనీసం బండికి పనికొస్తాడు. కొట్టం నిలబడాలంటే మనం వేరే కొమ్మ తెచ్చుకోవాలి. ఈ ఏడే.”

“బండికి,” అన్నాడు పెద్దాయన. “దొర. బండికి.”

గేటు బయట లారీ హారన్ మోగింది.

*

ఆసామి లావుపాటి మనిషి. కూర్చోమంటే కుర్చీని ఒకసారి ఊపి చూసి కూర్చుంటాడు. ఎక్కడో పెద్ద మంద ఉంది, చేతికింద చాలామంది జీతగాళ్ళున్నారు. కూర్చుని, చెమట తుడుచుకుని, “ఏడీ మా అల్లుడు?” అన్నాడు నవ్వుతూ. అల్లుడంటే దొర.

పెద్దాయన కోడలి వైపు చెయ్యి చూపించాడు. “ఆ అమ్మాయి చెబుతుంది.”

కోడలు చెప్పింది. చుట్టూ తిప్పలేదు. దొరకి విత్తులు కొట్టించామని చెప్పింది, ఎందుకో చెప్పింది, కంప్యూటర్ ఆయన వైపు తిప్పి పెట్టింది.

ఆసామి నవ్వు మొహం మీదే ఎండిపోయింది. “ఏంటమ్మా, పరాచికాలా?”

“కాదండీ.”

“పెద్దాయనా! మాటిచ్చావయ్యా నాకు! ఏడాదిన్నర ఆగాను! ఇంకో కొట్టం మెట్లెక్కలేదు!”

“ఇచ్చాను,” అన్నాడు పెద్దాయన. ఆయన తల దించుకోవడం ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు.

“మిమ్మల్ని మోసం చెయ్యాలని కాదండీ. ఎనిమిదేళ్ళ వేలాలు చూశాం. మా కొట్టం ఆబోతులకి గిరాకీ లేదు,” అంది కోడలు.

“గిరాకీ లేదా? అమ్మాయ్, నేనిక్కడ ఆరు ఆబోతుల్ని కొన్నాను. ఏడోది దొర. నా పేరు చూడు అందులో, ఉందేమో.”

కోడలు వెతికింది. మళ్ళీ వెతికింది. “లేదు.”

“ఎలా ఉంటుందమ్మా? నేను వేలానికి ఎప్పుడొచ్చాను? నేనే కాదు, నాలాంటివాళ్ళు ఇంకో పదిమంది ఉన్నారు. అందరం ఈ గేటు దగ్గరికే వస్తాం. దూడప్పుడే చూసుకుని మాట తీసుకుంటాం. మేం ఏరుకోగా మిగిలినవే మీ మామగారు వేలానికి తోలేది. కాళ్ళు వంకరవి, వీపు కుంగినవి. వాటికి ధర పలకలేదని నువ్వు దొరకి విత్తులు కొట్టించావా?”

కోడలి చెయ్యి కంప్యూటర్ మీదే ఉంది. ఎనిమిదేళ్ళ వేలాలు. వేల కొద్దీ ఆబోతులు. ఎన్ని రోజులు కూర్చుంది! ఎంత జాగ్రత్తగా చేసింది! ఒక్క ఆబోతు వదిలిపోకుండా చూసుకుంది, ఈ ఇంటివి మాత్రం అసలైనవి ఒక్కటీ అందులో లేవు. తిరిగి రాలేదని తేల్చిన ఆసాములు ఏటేటా ఇదే బల్ల దగ్గర టీ తాగి వెళ్ళారు, ఎందుకొచ్చారని తనెప్పుడూ అడగలేదు. తను లోపల గదిలో తలుపు వేసుకుని లెక్కలు చేసుకుంటున్న రోజుల్లో కూడా వెళ్ళి ఉంటారు.

పెద్దాయన నెమ్మదిగా తలెత్తాడు. ఇందాక పోయిన కోపం రెండింతలై తిరిగొచ్చింది.

“అన్నీ ఉన్నాయన్నావే! మళ్ళీ రాలేదన్నావే! నలభై ఏళ్ళ పనిని తప్పుడు లెక్కతో నా మొహాన కొట్టావే!”

“నాకు తెలీదు మామయ్యా. మీరు గేటు దగ్గర అమ్ముతారని నాకెవరూ...”

ఆమె అక్కడ ఆగిపోయింది. మెల్లిగా కిటికీ వైపు తిరిగింది.

“మీకు తెలుసా?”

కొడుకు ఇంకా కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

“మిమ్మల్నే. ఈ కొట్టంలో పుట్టి పెరిగారు. మంచివి వేలానికి వెళ్ళవని మీకు తెలుసా, తెలీదా?”

“తెలుసు.”

అత్తగారు “అయ్యో” అంది, ఎవరి కోసమో తెలియదు.

“నేను ఈ లెక్క వేస్తున్నన్నాళ్ళూ పక్కనే కూర్చున్నావు,” అంది కోడలు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నలుగురి ముందు అతన్ని నువ్వు అనడం అదే మొదలు. “తప్పులున్నాయేమో చూడమని నీ ముందు పెట్టాను. ‘బాగా చేశావు’ అన్నావు. ‘నాన్న లేనప్పుడే చేయించేద్దాం’ అన్నది కూడా నువ్వే. ఇందాక ఆయన నిజమేనా అని అడిగితే, కంప్యూటర్ అబద్ధం చెప్పదన్నావు. సిగ్గు లేదూ?”

“నా మాట విను...”

“ఏం వినాలి? నా బుద్ధిని తీసుకెళ్ళి నీ కత్తికి పిడి చేసుకున్నావు. పొద్దున్నుంచీ తిట్లు తింటున్నది నేను. నువ్వు కుళాయి దగ్గర నిలబడి పాదాలు కడుక్కుంటున్నావు!”

ఆసామి లేవబోయాడు. ఇంటి గొడవలో పరాయివాడు ఎటు చూడాలో తెలియక ఇబ్బంది పడతాడు. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

“కూర్చో. నాకూ వినాలనుంది. ఒరేయ్, చెప్పు. ఎందుకు చేశావ్?”

కొడుకు ఇటు తిరిగాడు. అతని మొహం చూసి కోడలు ఒకడుగు వెనక్కి వేసింది. కోపం వచ్చినట్టు లేడు. ఏళ్ళ కోపాన్ని ఎక్కడో దాచిపెట్టి, అది పాడైపోయిందేమోనని ఇప్పుడే మూత తీసి చూసుకుంటున్నట్టున్నాడు.

“ఎర్రావు ఎలా పోయింది నాన్నా?”

“ఈనలేక పోయింది. పశువన్నాక...”

“నీ కొమ్మ ఆబోతు దూడని ఈనలేక పోయింది. తల బయటికొచ్చి భుజాలు ఇరుక్కున్నాయి. అప్పుడు నేను బళ్ళో చదువుకుంటున్నా. చెయ్యి సన్నగా ఉంటుందని నన్ను పిలిచావు. భుజం దాకా లోపల పెట్టి తాడు కట్టాను. లాగి లాగి దూడ కాలు ఊడొచ్చింది. ఎర్రావు నా చెయ్యి లోపల ఉండగానే పోయింది. పోవడం నాకు తెలిసింది నాన్నా. చేతికి తెలిసింది.”

“అదొక్కటి...”

“ఒక్కటా! చెప్పు, నువ్వే చెప్పు, ఎన్నో! తల్లిని బతికించుకోవడానికి కడుపులోనే దూడని కోసి ముక్కలు బయటికి తియ్యలేదూ? ఏ ఏడు తియ్యలేదు? అవన్నీ ఎవరు తీశారు? నువ్వు ఇక్కడ ఆసాములతో కూర్చుని దొర రొమ్ము వెడల్పు చెబుతుంటే నేను అక్కడ నెత్తుట్లో ఉన్నాను. పేరు నీది. చేతులు నావి.”

“నాతో ఎప్పుడైనా అన్నావా?”

“అంటే వినేవాడివా?”

ఆ ప్రశ్నకి జవాబు ఆ గదిలో అందరికీ తెలుసు. కుర్చీలో ఇబ్బందిగా కదులుతున్న ఆసామికి కూడా తెలుసు.

“అందుకని నా వెనక దాక్కున్నావా?” అంది కోడలు. ఆమెకి జాలి కలగలేదని కాదు. కలిగింది, దాంతో కోపం ఇంకా పెరిగింది. “ఈ మాట నాతో అని ఉంటే నేను లెక్కే వెయ్యకపోదును. ఎర్రావు గురించి ఒక్కసారైనా నాకు చెప్పావా? చచ్చిన దూడలు ఏ వేలంలోనూ ఉండవు. అవి నా లెక్కలో లేవు. ఆ సంగతి కూడా నీకు తెలుసు!”

“తెలుసు.”

“థూ,” అంది కోడలు.

*

ఆసామే గొంతు సవరించుకున్నాడు. వ్యాపారం తెలిసినవాడు, వచ్చిన బండి ఖాళీగా పోకూడదు.

“జరిగిందేదో జరిగింది పెద్దాయనా. దొరకో తమ్ముడున్నాడన్నావుగా మొన్న ఫోన్‌లో. వాణ్ణివ్వు. చిన్నవాడైనా పర్లేదు, నేను పెంచుకుంటా. కాకపోతే ఇవాళే తోలుకెళ్తా. మీ ఇంట్లో మగదూడని ఒక్క పూట కూడా వదిలిపెట్టే ధైర్యం నాకు లేదు.”

పెద్దాయన మొహంలోకి ప్రాణం వచ్చింది. నలభై ఏళ్ళ కొమ్మ ఇంకో చోటైనా బతుకుతుంది.

“తీసుకెళ్ళు.”

“ఒక్క నిమిషం,” అంది కోడలు. “నేనొకటి అడగాలి. అడక్కుండా ఒకసారి చేశాను, ఇంకోసారి చెయ్యను. అయ్యా, మీ మందలో ఆవులు మా ఆబోతుల దూడల్ని ఎలా ఈనుతున్నాయి?”

“ఎలా ఈనడమేంటి?”

“తల్లులు బతుకుతున్నాయా?”

ఆసామి కాస్త నవ్వాడు. అందులో దాపరికం ఏమీ లేదు. “కష్టమేనమ్మా, కష్టం కాదని ఎవరన్నారు? అందుకే డాక్టర్ని జీతానికి పెట్టుకున్నా. ఇరుక్కుంటే కడుపు కోసి తీసేస్తాడు. కొన్ని తల్లులు పోతాయి. పోయేవి పోతాయి. ఆ దూడల బరువు ముందు అదొక నష్టమా? నాకు బరువే కావాలి. మా పదిమందికీ అదే కావాలి. అందుకేగా ఏడాదిన్నర ముందే మాట తీసుకుంటాం!”

“విన్నావా?” అన్నాడు పెద్దాయన కోడలితో. “మార్కెట్ ఏం కోరుతోందో తేలుస్తానన్నావు. తేలింది. అదీ మార్కెట్ అంటే.”

కోడలు కంప్యూటర్ మూసేసింది. ఇప్పుడామెకి మార్కెట్ నిజంగానే అర్థమైంది. లెక్క ప్రకారం మామగారే గెలిచాడు, అందులో ఆమెకి అనుమానమేమీ లేదు. ఎదురుగా కూర్చున్న ఈ మనిషి లాంటివాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఆ కొమ్మకి గిరాకీ తగ్గదు.

“ఆరు ఆబోతుల్ని తోలుకెళ్ళావు, తల్లులు పోతున్నాయని ఒక్కసారైనా అనలేదే నువ్వు,” అన్నాడు పెద్దాయన ఆసామితో, ఉన్నట్టుండి.

“నువ్వడగలేదుగా!”

పెద్దాయన గోడ పట్టుకుని లేచాడు. “రా. తోలుకెళ్ళు వాణ్ణి. ఎవరి పాపం వాళ్ళది.” ఇద్దరూ కొట్టం వైపు నడిచారు.

కొడుకు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది?

“ఏం చేద్దాం? నువ్వే చెప్పు,” అన్నాడు.

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. అరిచే ఓపిక మాత్రం లేకపోయింది. బల్ల మీద ఫోన్ తీసి డాక్టరు నంబరు నొక్కింది. అవతల మోగుతుండగానే దాన్ని అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

“నీకేం కావాలో నీ నోటితో చెప్పు. ఆగమంటే ఆగమను. రమ్మంటే రమ్మను. ఈసారి నా లెక్క లేదు, నా పేరు లేదు.”

“హలో?” అంది ఫోన్. “ఎవరండీ? హలో?”

కొడుకు ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. గేటు దగ్గర లారీ వెనక్కి తిరుగుతోంది. దూడని ఎక్కించడానికి ఎవరో పలకలు దింపుతున్నారు. అత్తగారు కొడుకు వెనక్కి వచ్చి నిలబడింది. కట్టు విప్పుతుంటే బుడ్డోడు అరిచిన అరుపు ఇంట్లోకి వినపడింది.

“డాక్టరుగారూ, నేనే. పెద్దాయన కొడుకుని,” అన్నాడు. “ఆ రోజు ఒక దూడ మిగిలిపోయింది కదా. ఇప్పుడే రండి. లేదు, నాన్నని అడగలేదు. ఆమె కాదు, నేనే రమ్మంటున్నాను.”

ఫోన్ బల్ల మీద పడేశాడు. భార్య మొహం చూడలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా కొట్టం వైపు పరుగెత్తాడు.

బుడ్డోడు లారీ పలక మీద ముందరి రెండు కాళ్ళూ పెట్టి మొండికేస్తున్నాడు. పైనుంచి ఆసామి తాడు లాగుతున్నాడు. కింద పెద్దాయన, వంగకూడని మనిషి, భుజం ఆనించి దూడని వెనకనుంచి నెడుతున్నాడు. కొడుకు వచ్చి దూడ మెడ చుట్టూ రెండు చేతులూ వేసి కిందికి లాగాడు.

“వదలరా,” అన్నాడు పెద్దాయన.

“నువ్వు వదులు నాన్నా,” అన్నాడు కొడుకు.